ఒకటి ఆగితే అన్నీ ఆగకుండా: కీలక వ్యవస్థలను కాపాడుకొనే పద్ధతి, విశాఖ అనుభవంతో

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం, గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగపు గాలులతో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గాలి కొన్ని గంటల్లో తగ్గిపోయింది. దాని వెనుక మొదలైన గొలుసు మాత్రం రోజుల తరబడి నగరాన్ని వదలలేదు. కరెంటు లేక పంపులు ఆగాయి, పంపులు ఆగి కుళాయిలు ఎండాయి. సెల్ టవర్లు బ్యాటరీల మీద కొంతసేపు, డీజిల్ మీద మరికొంతసేపు నడిచి మూగబోయాయి. బంకులో భూమి కింద డీజిల్ ఉన్నా దాన్ని పైకి తోడే పంపుకు కరెంటు కావాలి. ఇంకెక్కడి నుంచైనా తెద్దామంటే రోడ్లకు అడ్డంగా చెట్లు పడి ఉన్నాయి. ఆ చెట్లు కొట్టేవారిని, స్తంభాలు నిలబెట్టే లైన్‌మన్లను పిలుద్దామంటే ఫోను పలకదు.

దేశానికి ఊపిరి వంటి వ్యవస్థలను, అంటే విద్యుత్తు, నీరు, ఇంధనం, ఫోను, రైలు, రేవు, ఆసుపత్రి, బ్యాంకు వంటివాటిని కాపాడుకోవడం అంటే గోడలు ఎత్తు చేయడం, కాపలా పెంచడం అని చాలామంది అనుకొంటారు. కాపలా అవసరమే. కాని నేను ఇన్నేళ్లుగా ఈ నగరంలో పంపుల దగ్గర, ప్యానెళ్ల దగ్గర పనిచేస్తూ చూసినంతలో, ఒక వ్యవస్థ ఎక్కువసార్లు పడిపోయేది అది మరొకదాని మీద ఆనుకొన్న చోటనే. అందుచేత ఈ మార్గదర్శిని ఆ ఆనుకొన్న చోట్లను ఎలా వెదకాలో, వాటిని ఎలా బలపరచాలో, అయినా తెగిపోతే పనిని ఎలా నడిపించాలో చెబుతుంది. ఒక పంప్‌హౌస్‌కో, సబ్‌స్టేషన్‌కో, ఆసుపత్రికో, కర్మాగారపు కంట్రోల్ రూముకో బాధ్యులైనవారిని ఉద్దేశించి దీన్ని రాస్తున్నాను.

ముందు గంటలు లెక్కపెట్టండి

మొదటి పని ఒక కాగితం తయారు చేయడం. దాని మీద యంత్రాల పేర్లతో మొదలుపెట్టవద్దు. మీరు జనానికి చేస్తున్న పనిని ఒక్క వాక్యంలో రాయండి: ఈ పంప్‌హౌస్ తెల్లవారేసరికి నాలుగు వార్డుల ట్యాంకులు నింపుతుంది, ఈ ఆసుపత్రి రోజుకు ఇరవై మందికి డయాలసిస్ చేస్తుంది. ఆ వాక్యం కింద, ఆ పని జరగడానికి బయటి నుంచి రావలసినవన్నీ వరుసగా రాసి, ఒక్కొక్కదాని ఎదుట ఒకే ఒక అంకె వేయండి: ఇది రావడం ఆగిపోతే మన పని ఎన్ని గంటలు సాగుతుంది?

ఈ అంకె వేయడం మొదలుపెట్టగానే తెలియని సంగతులు బయటపడతాయి. పంప్‌హౌస్‌కు కరెంటు కావాలని అందరికీ తెలుసు. క్లోరిన్ సిలిండరు తెచ్చే లారీ, ఆ లారీకి రోడ్డు, దాన్ని మార్చడం తెలిసిన మనిషి కూడా కావాలని రాసుకొన్నవారు తక్కువ. డయాలసిస్ యంత్రానికి యూపీఎస్ ఉందని ఆసుపత్రివారు ధీమాగా ఉంటారు. కాని ఒక్కసారి డయాలసిస్ చేయడానికి నూరు లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీరు కావాలి. ఆ నీటి ప్లాంటు మోటారు యూపీఎస్ లైను మీద లేకపోతే యంత్రం వెలుగుతూనే ఉంటుంది, పని మాత్రం ఆగిపోతుంది.

దేశం కూడా ఇదే లెక్క వేసుకొంటుంది. విశాఖ తీరంలో రాతిని తొలిచి కట్టిన భూగర్భ గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు నిల్వ చేసుకొనే వీలు ఉంది. మంగళూరు, పాదూరు గుహలతో కలిపి ఈ సామర్థ్యం 53.3 లక్షల టన్నులు. ఇంత భారీ ఏర్పాటు కూడా దేశ అవసరానికి సుమారు తొమ్మిదిన్నర రోజులకే లెక్క. మీ ట్యాంకులోని నీటినీ, డీజిల్‌నూ అలాగే రోజుల్లో, గంటల్లో కొలవండి. లీటర్లలో చెప్పుకొంటే అది చాలా ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది.

కాగితం సిద్ధమయ్యాక దాన్ని పట్టుకొని నడవాలి. ఇది బల్ల దగ్గర కూర్చుని ముగించే పని కాదని గట్టిగా చెబుతున్నాను. నగరంలోని ఒక సంస్థ ఎంతో ముందుచూపుతో రెండు వేర్వేరు కంపెనీల నుంచి రెండు ఇంటర్నెట్ లైన్లు తీసుకొంది. కాగితం మీద రెండు దారులు ఉన్నాయి. ఒకరోజు కాలువ తవ్వుతున్న జేసీబీ ఒక్క పోటుతో రెండింటినీ తెంపింది, ఎందుకంటే రెండు కంపెనీల కేబుళ్లూ రోడ్డు పక్కన ఒకే గాడిలో పడుకొని ఉన్నాయి. ఆ రోజు ఆ గాడి పక్కన నిలబడి చూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. రెండు ఫీడర్లు (సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తెచ్చే లైన్లు) అన్నప్పుడు అవి ఒకే స్తంభాల మీద వస్తున్నాయా, ఒకే సబ్‌స్టేషన్ నుంచి వస్తున్నాయా, ఒకే గెడ్డ (వాగు) మీది కల్వర్టు దాటుతున్నాయా అని కాలినడకన వెళ్లి చూసి రావాలి.

హుద్‌హుద్ తరువాత నగరంలో చాలా చోట్ల విద్యుత్ లైన్లను భూమి కిందకు దించారు. అది మంచి నిర్ణయమని నా అభిప్రాయం, కాని దానితో పాటు బలహీనత చోటు మారిందని గుర్తించాలి. గాలికి తెగే లైను ఎక్కడ తెగిందో కంటికి కనిపిస్తుంది; భూమిలోని కేబుల్లో లోపం ఎక్కడ ఉందో పరికరాలతో వెదకాలి, తవ్వాలి. పక్కనే నీటి గొట్టమో, గ్యాస్ గొట్టమో ఉంటే మరింత జాగ్రత్తగా తవ్వాలి. కనుక కేబుళ్లు ఎంత లోతున, ఏ వైపు నుంచి వెళ్తున్నాయో చూపే పటం తాజాగా ఉండాలి; రోడ్డు తవ్వే ప్రతి శాఖకూ అది అందాలి; ఫుట్‌పాత్‌ల మీది స్విచ్ పెట్టెలు వాననీరు నిలిచే మట్టానికి పైన ఉన్నాయో లేదో ఒక్క పెద్ద వానలో గొడుగు వేసుకొని వెళ్లి చూస్తే తెలిసిపోతుంది.

కలిపినంత అవసరంగానే విడదీయడం

2012 జూలై 30న ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయి అరవై కోట్లకు పైగా ప్రజలున్న ప్రాంతం చీకట్లో మునిగింది. ఆ రెండు రోజులూ దక్షిణాది గ్రిడ్ నిలబడే ఉంది. దానికి కారణంలో కొంత మన విశాఖ గాజువాకలోనే ఉంది. అప్పట్లో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో నేరుగా కలిసి లేదు. గాజువాకలో ఉన్నటువంటి హెచ్‌వీడీసీ (అధిక వోల్టేజి డీసీ) కేంద్రాలు ఏసీ విద్యుత్తును డీసీగా మార్చి, మళ్లీ ఏసీగా చేసి అవతలికి పంపేవి. 1000 మెగావాట్లు ఇచ్చిపుచ్చుకొనే శక్తి ఉన్న గాజువాక కేంద్రం గుండా తూర్పు గ్రిడ్‌లోని ఒడిదుడుకులు యథాతథంగా ఇవతలికి దాటి రాలేవు. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్‌ను కూడా మిగతా దేశంతో నేరుగా కలిపారు. దానివల్ల కొరతలో ఒకరికొకరు విద్యుత్తు ఇచ్చుకొనే వెసులుబాటు పెరిగింది, ఒకరి జబ్బు మరొకరికి అంటుకొనే అవకాశమూ పెరిగింది.

కంప్యూటర్లతో నడిచే ప్రతి కర్మాగారంలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఆఫీసులో మెయిల్ చూసుకొనే నెట్‌వర్కూ, వాల్వులు తిప్పే స్కాడా (యంత్రాలను కంప్యూటరు తెర మీద చూస్తూ దూరం నుంచి నడిపే వ్యవస్థ) నెట్‌వర్కూ ఒకదానితో ఒకటి ఎక్కడ కలుస్తున్నాయి? 2021 మే నెలలో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ సంస్థలోకి దొంగలు చొరబడింది ఎవరూ వాడకుండా వదిలేసిన ఒక రిమోట్ లాగిన్ ఖాతా ద్వారా. దానికి పాస్‌వర్డు తప్ప రెండో తాళం లేదు. వారు ఆఫీసు కంప్యూటర్లు తెరుచుకోకుండా తాళం బిగించారు. అది పైప్‌లైన్‌ను నడిపే వ్యవస్థకు పాకకుండా ఉండాలని సంస్థ తానే పైప్‌లైన్‌ను ఆపుకోవలసి వచ్చింది. అయిదారు రోజులు తూర్పు రాష్ట్రాల్లో పెట్రోలుకు కటకట ఏర్పడింది. రెండు నెట్‌వర్కుల మధ్య గట్టు ఎంత గట్టిదో యాజమాన్యానికే నమ్మకం లేకపోతే ఇలాగే జరుగుతుంది.

కనుక ఆ గట్టును కట్టి, పరీక్షించి పెట్టుకోండి. రెండు నెట్‌వర్కుల మధ్య ఉన్న ప్రతి దారినీ పేరుపేరునా రాసి, అవసరం లేనిదాన్ని మూసివేయండి. యంత్రం అమ్మిన కంపెనీవారు దూరం నుంచి లాగిన్ అయి మరమ్మతు చేయడానికి ఇచ్చిన దారి ఎప్పుడూ తెరిచి ఉండకూడదు. వారు ఫోను చేసి అడిగినప్పుడు షిఫ్టు ఇన్‌ఛార్జి తెరిచి, పని కాగానే మూసి, ఆ సమయాన్ని లాగ్‌బుక్కులో రాయాలి. సర్వీసు ఇంజినీరు తెచ్చిన ల్యాప్‌టాప్‌ను, పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటరులో స్కాన్ చేయకుండా ప్యానెల్‌కు తగిలించనివ్వకండి. ఉద్యోగం మానేసినవారి ఖాతా ఆ సాయంత్రానికే రద్దు కావాలి. కంపెనీ నుంచి యంత్రంతో పాటు వచ్చిన పాస్‌వర్డును మార్చకుండా వదిలేసిన పరికరాలు ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్క తీసి చూడండి. చాలామంది ఆ లెక్క చూసి నివ్వెరపోతారు.

బ్యాకప్ విషయంలో ఒక్క సంగతి చెప్పాలి. 2017 జూన్ 27న నాట్‌పెట్యా అనే హానికర ప్రోగ్రాము మెర్స్క్ అనే నౌకా రవాణా సంస్థను ప్రపంచమంతటా స్తంభింపజేసింది; ముంబయి దగ్గరి జవాహర్‌లాల్ నెహ్రూ రేవులో ఆ సంస్థ టెర్మినల్ కూడా ఆగింది. ఆ సంస్థ నెట్‌వర్కుకు ప్రాణమైన సర్వర్లన్నీ తుడిచిపెట్టుకుపోగా ఆఫ్రికాలోని ఘానాలో ఒక్కటి మిగిలింది, అదీ ఆ సమయానికి అక్కడ కరెంటు పోయి అది నెట్‌వర్కు నుంచి తెగిపోయి ఉండడం వల్ల. మీ బ్యాకప్ కూడా నెట్‌వర్కుకు తగిలించే ఉంటే, మీ కంప్యూటర్లకు పట్టిన తెగులు దానికీ పడుతుంది. ఒక ప్రతిని విడదీసి బీరువాలో పెట్టి తాళం వేయండి. ఏడాదిలో రెండుసార్లయినా దాని నుంచి వ్యవస్థను తిరిగి నిలబెట్టి చూడండి. పీఎల్‌సీ (యంత్రాన్ని నడిపే చిన్న కంప్యూటరు) ప్రోగ్రాముల ప్రతిని కూడా ఇందులో చేర్చండి, ఎక్కువమంది మరిచేది దాన్నే.

చట్టం వైపు నుంచి తెలియవలసినవి కొద్దిగానే ఉన్నాయి. సమాచార సాంకేతిక చట్టంలోని 70వ సెక్షన్ కింద ప్రభుత్వం కొన్ని కంప్యూటర్ వ్యవస్థలను రక్షిత వ్యవస్థలుగా ప్రకటిస్తుంది. అనుమతి లేకుండా వాటిలోకి చొరబడితే పదేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. వీటి రక్షణకు 2014 నుంచి ఎన్‌సీఐఐపీసీ అనే జాతీయ కేంద్రం ఉంది. కంప్యూటర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి జరిగినట్లు తెలిసిన ఆరు గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి. లాగ్‌లను, అంటే కంప్యూటర్లు తమంతట తాము రాసుకొనే పనుల చిట్టాలను, 180 రోజులు దాచాలి. ఆరు గంటలు చాలా తక్కువ సమయం కాబట్టి, ఎవరు రాయాలో, ఎవరికి పంపాలో, మెయిల్ పనిచేయకపోతే ఏ ఫోను నుంచి చెప్పాలో ముందే నిర్ణయించుకోండి.

జనరేటరును నమ్మే ముందు

వారానికి ఒకసారి పది నిమిషాలు జనరేటరును ఖాళీగా తిప్పి, రిజిస్టరులో సంతకం పెట్టే అలవాటు దాదాపు అన్నిచోట్లా ఉంది. ఇంజను స్టార్టవుతుందని తప్ప దీనివల్ల ఏమీ తెలియదు. లోడు లేకుండా తిరిగే జనరేటరు వేడెక్కదు, దాని చల్లబరిచే వ్యవస్థలోని లోపం బయటపడదు, ఆటోమేటిక్ స్విచ్ లోడును మార్చుతుందో లేదో తెలియదు. నెలకొకసారైనా మెయిన్ బ్రేకరును నిజంగా దించి, ఆసుపత్రి అయితే రోగులకు ఇబ్బంది లేని వేళ చూసుకొని, పూర్తి లోడు మీద కనీసం రెండు గంటలు నడపండి.

లీటరు డీజిల్‌కు మూడు నుంచి మూడున్నర యూనిట్ల కరెంటు వస్తుందని స్థూలంగా లెక్క వేసుకోవచ్చు. 80 కిలోవాట్ల లోడు ఉంటే గంటకు సుమారు పాతిక లీటర్లు కావాలి. 200 లీటర్ల డ్రమ్ము ఎనిమిది గంటలకు అయిపోతుంది. మూడు రోజులు బయటి నుంచి చుక్క రాదని అనుకొని లెక్క కట్టండి. అంత నిల్వకు స్థలం గాని, అనుమతి గాని లేకపోతే, ఏ లోడును ఏ గంటకు ఆపాలో ముందే వరుస రాసిపెట్టండి: ముందు ఏసీలు, తరువాత లిఫ్టులు, ఆఫీసు దీపాలు. ఆ వరుస ప్యానెల్ తలుపు లోపలి వైపున అతికించి ఉండాలి. ట్యాంకు అడుగున చేరిన నీటిని, మడ్డిని తీయించడం, సముద్రపు గాలికి తుప్పు పట్టే బ్యాటరీ టెర్మినళ్లను తుడిపించడం చిన్న పనులే గాని, అత్యవసర వేళ జనరేటరు మొరాయించడానికి ఎక్కువసార్లు ఇవే కారణం.

చేత్తో నడపడం మరవకండి

2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో దుండగులు విద్యుత్ సంస్థల కంట్రోల్ రూములను దూరం నుంచి చేజిక్కించుకొని సబ్‌స్టేషన్ల బ్రేకర్లు తెరిచారు. సుమారు రెండు లక్షల పాతిక వేల మంది వినియోగదారులకు కరెంటు పోయింది. అయినా కొన్ని గంటల్లోనే తిరిగి వచ్చింది, ఎందుకంటే సిబ్బంది వాహనాలు ఎక్కి ఒక్కొక్క సబ్‌స్టేషన్‌కు వెళ్లి బ్రేకర్లను చేత్తో వేశారు. ఆ పని తెలిసినవారు అక్కడ ఇంకా ఉన్నారు.

మన దగ్గర ఉన్నారా అని ప్రతి సంస్థా అడగాలి. రైవాడ నుంచి, మేఘాద్రిగెడ్డ నుంచి, తాటిపూడి నుంచి, ఏలేరు కాలువ నుంచి నగరానికి నీరు వచ్చే దారుల్లో ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే ఎంత తెరుచుకొంటుందో, ఏది ముందు తిప్పకపోతే గొట్టం పగులుతుందో ఏళ్ల తరబడి పనిచేసిన ఫిట్టర్లకు చేతికి తెలుసు. వారు పదవీ విరమణ చేసేలోగా ఆ తెలివిని కాగితం మీదకు ఎక్కించడం అత్యవసరమైన పని. కొత్తగా చేరిన కుర్రవాళ్లను వారి వెంట పంపి, తిప్పించి, రాయించండి. వాల్వుల చాంబరు మూతలు తారు కింద పూడిపోయాయేమో చూసుకోండి. లైన్ల పటాలు, ఫోను నంబర్లు కంప్యూటరులోనే కాక అచ్చులోనూ ఉండాలి. స్కాడాను ఏడాదికొకసారి ఒక షిఫ్టు పాటు పక్కన పెట్టి చేత్తో నడిపి చూస్తే ఎక్కడ మనుషులు చాలరో తేలిపోతుంది.

ఆపడం, తిరిగి మొదలుపెట్టడం

ఆగిపోయిన యంత్రం ప్రమాదం చేయదని అనుకోవడం పొరపాటు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో లాక్‌డౌన్ వల్ల వారాల తరబడి నడవకుండా ఉన్న కర్మాగారపు ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రలో ఉన్న ఊరిని కమ్మింది. పన్నెండు మంది చనిపోయారు. నిల్వ ఉన్న స్టైరీన్ తనంతట తాను గడ్డకట్టే చర్యలో వేడెక్కుతుంది. దాన్ని చల్లగా ఉంచాలి, ఆ చర్యను ఆపే రసాయనం తగినంత ఉండాలి. ఉన్నతస్థాయి కమిటీ విచారణలో ట్యాంకు ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలుస్తున్నారని, ప్రమాద వేళ సైరను మోగించలేదని తేలింది. ఆ ఊరివారు ఆ రాత్రి పరుగెత్తిన దారులు తెలిసినవారెవరూ సైరనును అలంకారంగా చూడలేరు.

కనుక ప్రతి సంస్థలోనూ మూడు పత్రాలు విడివిడిగా ఉండాలి: నడిపే పద్ధతి, ఆపే పద్ధతి, ఆపి ఉంచే పద్ధతి. చాలాచోట్ల మూడోది ఉండదు. ఆపి ఉంచినప్పుడు ఏది చల్లగా ఉండాలి, ఎవరు రోజూ కొలవాలి, ఏ అంకె దాటితే ఎవరికి చెప్పాలి, కొలిచే పరికరం ట్యాంకులో అన్ని ఎత్తుల్లోనూ ఉందా అనేవి అందులో రాయాలి. ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్లను (బొగ్గును కోక్‌గా మార్చే కొలుములను) మామూలు యంత్రంలా ఆపి మళ్లీ వెలిగించడం కుదరదు. చల్లబడితే లోపలి ఇటుక గోడలు పగులుతాయి. అటువంటివాటికి కరెంటు ఇచ్చే వరుసలో ముందు స్థానం ఎందుకు ఇవ్వాలో విద్యుత్ శాఖకు ముందుగానే వివరించి ఒప్పించుకోవాలి.

గ్రిడ్ మొత్తం పడిపోతే సింహాద్రి వంటి 2000 మెగావాట్ల థర్మల్ కేంద్రం కూడా బయటి కరెంటు లేనిదే లేవలేదు. దాని పంపులు, ఫ్యాన్లు తిరగడానికే ఎంతో విద్యుత్తు కావాలి. జల విద్యుత్ కేంద్రాలు చిన్న జనరేటరు సాయంతో ముందు లేచి, పెద్దవాటిని లేపుతాయి. అందుకు గంటలు పడుతుంది. మీ లెక్కలో ఆ గంటలనూ చేర్చండి.

తుపాను వచ్చే ముందు

వాతావరణ శాఖ హెచ్చరికలు దశలవారీగా వస్తాయి: సుమారు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటే 12 గంటల ముందు, దాటిన తరువాత తీరానికి లోపలి ప్రాంతాల్లో ఎలా ఉంటుందో అంచనా. మీ పనులను ఈ మెట్లకే కట్టండి. మొదటి సూచనతో డీజిల్, క్లోరిన్, మందులు నింపుకోవాలి, లైన్ల మీదికి వాలిన కొమ్మలు కొట్టించాలి. రెండోదానితో ఓవర్‌హెడ్ ట్యాంకులన్నీ నింపి, మరమ్మతు బృందాలను కొండకు ఇవతల ఒకటి, అవతల ఒకటిగా విడదీసి ఉంచాలి, ఎందుకంటే రోడ్డు తెగితే అందరూ ఒకేచోట ఇరుక్కుపోతారు. మూడోదానితో రేకులు, హోర్డింగులు, క్రేన్లు బిగించి, పనిలో ఉండేవారికి మూడు రోజుల భోజనం, పడక ఏర్పాటు చేయాలి. కాంట్రాక్టు కార్మికులను ఈ ఏర్పాటులో మరవడం నేను పలుమార్లు చూశాను. స్తంభం ఎక్కేది వారే. వారి ఇళ్లలో పిల్లలు క్షేమంగా ఉన్నారన్న కబురు అందితే తప్ప ఎవరూ మనసు పెట్టి పనిచేయలేరు.

తుపాను లేని రోజుల్లోనూ ఉప్పుగాలి తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఇన్సులేటర్ల మీద పేరుకొన్న ఉప్పు, దుమ్ము మంచుకు తడిస్తే వాటి మీదుగా కరెంటు పారి లైను ట్రిప్పవుతుంది. చలికాలం మొదలవకముందే తీరం వెంబడి లైన్లలో వాటిని కడిగించాలి.

2025 మే 7న దేశవ్యాప్తంగా జరిగిన పౌర రక్షణ మాక్ డ్రిల్లులో విశాఖ కూడా పాల్గొంది. మీ సంస్థలో డ్రిల్లు చేసేటప్పుడు తేదీ ముందుగా చెప్పకండి, అన్నీ తెలిసిన ఒక ముఖ్యమైన మనిషిని ఆ రోజు పక్కన కూర్చోబెట్టి, ఆయన లేకుండా పని నడుస్తుందేమో చూడండి.

ఒక ఏర్పాటును మన రేవు నుంచే నేర్చుకోవచ్చు. రేవుల్లో ఎగురవేసే తుపాను హెచ్చరికలు పదో నంబరు వరకు ప్రమాద తీవ్రతను చెబుతాయి. పదకొండోది వేరు: వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, వాతావరణం విషమిస్తుందని స్థానిక అధికారి స్వయంగా భావిస్తున్నారని దాని అర్థం. హుద్‌హుద్ నాడు కైలాసగిరి మీది డాప్లర్ రాడారు కూడా దెబ్బతింది. ఏ కబురూ రాని వేళ ఎవరు నిర్ణయించాలో ఆ రేవు పద్ధతిలో ముందే రాసి ఉంది. మీ పంప్‌హౌస్‌కు, మీ సబ్‌స్టేషన్‌కు అటువంటి పదకొండో నంబరు రాసుకోండి: పైవారితో ఎంతసేపు మాట కలవకపోతే షిఫ్టులో ఉన్నవారు తమంతట తాము నిర్ణయించవచ్చు, ఏ వాల్వు మూయవచ్చు, ఏ ఫీడరు దించవచ్చు, ఎంత డబ్బు ఖర్చు చేయవచ్చు, ఆ నిర్ణయానికి తరువాత వారిని తప్పుపట్టబోమని ఎవరు సంతకం చేశారు. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి, కంట్రోల్ రూములో ఫోను పక్కన గోడకు అంటించండి.